బూడిద వన్నెలోని న్యాయము

నలుపు తెలుపు ఛాయాచిత్రమని మనము వాడుకగా అందుము. నిజమునకు ఆ చిత్రములో నలుపు కొంచెము, తెలుపు కొంచెము. మిగిలినదంతయు బూడిద వన్నె. ముఖములు, చేతులు, మబ్బులు, గోడలు, సముద్రము, మనము చూచి గుర్తించునవన్నియు ఆ రెండు కొసల నడుమనే ఉండును. నలుపును తెలుపును ఆ చిత్రమునకు పొలిమేరలు మాత్రమే. మనుష్యులు కాపురముండునది పొలిమేరల మీద కాదు. ఇది చిన్న మాటవలె తోచవచ్చును. కాని చనిపోయినవారి ముఖమును కాగితము మీదికి మరల తెచ్చు పని ఎవరికి పడునో, వారికి ఈ చిన్న మాటలో ఒక పెద్ద ధర్మసందేహము ఇమిడియున్నది. ముఖమును ఉన్నది ఉన్నట్లు అచ్చు వేయుట అనగా ఏమి? పాత చిత్రముకంటె కొత్త ముద్ర బాగున్నదని మెచ్చుకొనునపుడు మనము మెచ్చుకొనుచున్నది దేనిని?

ఈ ప్రశ్నను నేడు అడుగుటకు కారణము కలదు. నూరేండ్లకు మించి నలుపు తెలుపు ముద్ర చీకటిగదిలో పుట్టినది. నెగటివు గుండ వెలుగు ప్రసరించి వెండి లవణము పూసిన కాగితమును తాకును. రసాయనముల తొట్టిలో ఆ కాగితము మీద చిత్రము మెల్లగా తేలివచ్చును. ఆ లోకము చాలవరకు గతించినది. కోడక్ సంస్థ 2005లో నలుపు తెలుపు ముద్రణ కాగితము తయారీని విరమించినది. మన దేశమున ఊటీలో 1960లో స్థాపితమై, ‘ఇందు’ అను పేర ఫిల్ములను, కాగితములను అందించిన హిందుస్తాన్ ఫొటో ఫిలిమ్స్ కర్మాగారము మూతపడినది. వెండి కాగితమును తయారుచేయు సంస్థలు ఇప్పటికిని కొన్ని కలవు. దానిని విడువని కళాకారులును కలరు. కాని సామాన్య గృహస్థుడు తన యింటి పాత చిత్రమును చేతబట్టుకొని స్టూడియో మెట్లెక్కినపుడు అతనికి తరచుగా లభించునది సిరాచుక్కలను చిమ్ము ఇంక్‌జెట్ యంత్రపు ముద్రయే.

ఆలోచన గాలిలో తేలిపోకుండ ఒక చోటును, ఒక ఇంటిని మనసున నిలుపుకొందము. అండమాను దీవుల ముఖ్యపట్టణమగు పోర్టు బ్లెయరునందు గోల్ ఘర్ అను పేట కలదు. ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురము అని పేరు మార్చిరి. బెంగాలీ, తమిళము, హిందీ, మలయాళముతోపాటు తెలుగును ఇంటి భాషగా గల కుటుంబములు ఈ పట్టణమున అనేకము. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరముల నుండి ఓడనెక్కి, వేటకో, కూలికో, కొలువునకో వచ్చి నిలిచిపోయినవారి సంతతివారు వీరిలో పెక్కుమంది. గోల్ ఘర్‌లో అట్టి ఇల్లు ఒకటి ఉన్నదనుకొందము. ఆ యింట తాతగారి చిత్రము ఒక్కటే మిగిలినది; అరచేతి పాటి వెండి ముద్ర. అంచులు పసుపువారినవి, తేమకు బూజు పట్టి ఒక చెంప మీద మచ్చలు లేచినవి. మనుమడు దానిని స్టూడియోకు కొనిపోయి, ‘పెద్దది చేసి, బాగుచేసి ఇవ్వండి, గోడకు పెట్టి దండ వేసుకుంటాము’ అని అడుగును. ఈ కోరికలో చెప్పినవి రెండు, చెప్పనిది ఒకటి: పెద్దది చేయుట, బాగుచేయుట, కలకాలము నిలుచునట్లు చేయుట. మొదటిది యంత్రమునకు సులభము. తక్కిన రెండును మనిషి మనస్సాక్షికి సంబంధించినవి.

ఇట్టి ఇంటిని అండమానులో ఊహించుటకు హేతువు లేకపోలేదు. ఇచట ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. గాలిలో తేమయు ఉప్పును ఎడతెగక ఉండును. వెండి ముద్ర మీది జెలటిన్ పొర బూజునకు ఆహారము. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీలో ఈ దీవులలో ప్రాణములతోపాటు ఇండ్లును, ఇండ్లలోని పెట్టెలును సముద్రముపాలైనవి. 2011లో జపాను తూర్పు తీరమును సునామీ ముంచినపుడు స్వచ్ఛంద సేవకులు బురదలో దొరకిన లక్షలాది ఛాయాచిత్రములను ఒక్కొక్కటిగా కడిగి, ఆరబెట్టి, సొంతదారులకు చేర్చుటకు పాటుపడిరి. కూడు, గూడు కరవైన దినములలో మనుష్యులు కాగితపు ముక్కల కొరకు అంత శ్రమపడిరనగా, ఆ ముక్కలు గోడకు అలంకారములు మాత్రమే కావని తెలియుచున్నది. ఒక్క చిత్రమే మిగిలిన యింట, దానిని తిరిగి అచ్చువేయువాని చేతిలో ఆ మనిషి రెండవమారు పుట్టును. లేదా రెండవమారు చచ్చును.

ఈ దీవులకు ఛాయాచిత్రముతో పరిచయము పాతది. ఆ పరిచయము మచ్చలేనిది మాత్రము కాదు. 1857 చివర, శిక్షాస్థావరమునకు అనువైన చోటు వెదకుటకై డాక్టరు ఫ్రెడరిక్ మువాట్ నాయకత్వమున వచ్చిన సంఘము తనతో ఆస్కార్ మాలిట్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుని తీసికొనివచ్చెను. ఆ సంఘము ఒక ఆదివాసిని పట్టుకొని, అతనికి జాక్ అని పేరుపెట్టి, కలకత్తాకు కొనిపోయెను. అచట అతని చిత్రము తీయబడెను. అతడు జబ్బుపడగా తిరిగి దీవులకు పంపిరి. పిమ్మట 1890ల తొలి సంవత్సరములలో, అండమానీయుల వ్యవహారములు చూచు అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ బ్రిటిష్ మ్యూజియము కొరకు ఆదివాసుల చిత్రములను పెక్కు సంపుటములుగా సిద్ధపరచెను. వానిలో ప్లాటినమ్ ముద్రలు కలవు. ప్లాటినమ్ వెండివలె గాలికి మాసిపోవు లోహము కాదు. బూడిద వన్నెల మెత్తదనమునకు ఆ ముద్రలు పేరెన్నికగన్నవి.

పనివారు నాణ్యము అను మాటకు చెప్పుకొను అర్థమున ఆ ముద్రలు ఉత్తమములు. కాని వానిలో కొన్నింట మనుష్యులు గళ్ళతెర ముందు, కొలతకు నిలిపిన వస్తువులవలె నిలువబడియున్నారు. 1901 జనాభా లెక్కలలో గ్రేట్ అండమానీయులు 625 మంది. 1961 నాటికి 19 మంది. వారి భాషలలో ఒకటియైన బో భాషను మాటలాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించెను. మనుష్యులు పోయిరి, కాగితము మిగిలినది. కావున ముద్ర యొక్క నాణ్యము వేరు, చూపు యొక్క న్యాయము వేరు అని మనము మొదటనే గుర్తింపవలెను. మొదటిది ఉన్నంత మాత్రమున రెండవది రాదు. కాని మొదటిది లేనిచో రెండవది ఎంత కోరినను నెరవేరదు. ఈ రెండింటి సంబంధమే ఈ వ్యాసమునకు విషయము.

ఇక సిరాచుక్కల యంత్రము సంగతి. దానికి బూడిద వన్నె అనునది తెలియదు. చుక్క వేయుట, వేయకుండుట, ప్రధానముగా దానికి తెలిసిన విద్య ఇంతియే. ఒక్కొక్క చుక్క కొన్ని పికోలీటర్లు మాత్రమే. లీటరులో లక్ష కోట్లవ వంతు పికోలీటరు. చుక్కలు పలుచగా పడినచోట మన కంటికి లేత బూడిద, దట్టముగా పడినచోట ముదురు బూడిద తోచును. వెండి ముద్రయును దగ్గరగా చూచిన రేణువుల గుంపే. కాని అచట ఏ రేణువు నల్లబడవలెనో వెలుగు నిర్ణయించినది. ఇచట ప్రతి చుక్కకును లెక్కకట్టి ఆజ్ఞ ఇచ్చునది కంప్యూటరు. ఆ లెక్కకు సూత్రము చెప్పినది మనిషి.

తొలినాటి యంత్రములలో ఒక్క నల్ల సిరాయే ఉండెను. దానితో లేత వన్నెలు తీయబోయిన, చెంప మీద మిరియపు పొడి చల్లినట్లు చుక్కలు కనబడెడివి. అవి కనబడకుండుటకై నీలి, ఎరుపు, పసుపు సిరాలను కలిపి బూడిద వన్నెను పుట్టింపబోయిన వేరొక చిక్కు వచ్చిపడెను. కిటికీ వెలుతురులో సరిగా కనబడిన బూడిద, గదిలో దీపము వెలిగింపగానే ఆకుపచ్చగనో, గులాబిగనో మారెడిది. 2000 ప్రాంతమున వచ్చిన తొలి వర్ణక సిరా యంత్రములలో ఈ దోషము ప్రసిద్ధము. ఎవరి సమ్ముఖమున ఉన్న వారి రంగు పులుముకొను మనిషిని మనము ఎరుగుదుము; అట్టి మనిషి మాటను ఎట్లు నమ్మమో, అట్టి బూడిదను కన్ను అట్లే నమ్మదు.

దీనికి విరుగుడు సరళమైనది: బూడిదను రంగులచేత నటింపజేయక నలుపుతోనే చేయుట. అమెరికాలో జాన్ కోన్ అను ముద్రాపకుడు రంగు సిరాలను తొలగించి, వేరువేరు గాఢతలు గల నల్ల సిరాలతోనే యంత్రమును నింపు పద్ధతిని 2000 ప్రాంతమున ప్రచారములోనికి తెచ్చెను. 2005లో ఎప్సన్ సంస్థ నలుపు, లేత నలుపు, మిక్కిలి లేత నలుపు అను మూడు సిరాలను ఒకే యంత్రమున చేర్చెను. అప్పటినుండి, శ్రద్ధతో చేసిన సిరా ముద్ర వెండి ముద్రకు తీసిపోవునని చెప్పుటకు వీలులేకపోయినది. శ్రద్ధతో చేసిన అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఈ సిరాలలోని నలుపునకు మూలము మసి, అనగా మిక్కిలి సన్నని కర్బనపు పొడి. తెలుగువానికి ఇది కొత్త పదార్థము కాదు. మన పూర్వులు తాటాకు మీద గంటముతో గీసి, పైన మసి పూసి తుడిచెడివారు. గీత పడినచోట మసి నిలిచెడిది, మిగిలినచోట తొలగెడిది. ఆకును పురుగు తినినది గాని మసిని వెలుగు తినలేకపోయినది. వెండి, ప్లాటినమ్ అను లోహముల గుండ చుట్టు తిరిగి, ముద్రణవిద్య తుదకు మన తాటాకుల మసి యొద్దకే వచ్చి చేరినది. అయితే మన భాషలో మసికి ఇంకొక ప్రసిద్ధియు కలదు. లేనిదానిని ఉన్నట్లు భ్రమింపజేయుటను మసిపూసి మారేడుకాయ చేయుట అందుము. అక్షరమును కాపాడినదియు మసియే, మోసమునకు సామెతయైనదియు మసియే. పదార్థమునకు నీతి లేదు. పూయు చేతికి కలదు.

ఇచట కొందరు ఆక్షేపణ చెప్పుదురు. ఛాయాచిత్రము అనగా వెలుగు చేసిన గుర్తు; ఆ మనిషి దేహమునుండి వెడలిన కిరణము ఒక పదార్థమును తాకి దానిని మార్చినది; సిరాతో చల్లినది ఆ గుర్తు కాదు, ఆ గుర్తును గూర్చిన వార్త మాత్రమే, అని వారి వాదము. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1980లో ప్రకటించిన గ్రంథమున ఛాయాచిత్రమునకు, దానిలోని మనిషికి గల ఈ స్పర్శాసంబంధమును గాఢముగా చర్చించెను. ఈ వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. తల్లి చిత్రమును కన్నుల కద్దుకొనువాడు కాగితమును కాదు, ఆ స్పర్శను కన్నుల కద్దుకొనుచున్నాడు.

అయినను నిదానించి చూడవలెను. చీకటిగదిలోని కాగితమును తాకినది ఆ మనిషి దేహము నుండి వచ్చిన వెలుగు కాదు. యంత్రములోని దీపపు వెలుగు. మనిషి వెలుగు తాకినది నెగటివును. అచటినుండి ఇవతలిదంతయు, వెండియైనను సిరాయైనను, అనువాదమే. 1864లో ఇంగ్లండున జోసెఫ్ స్వాన్ మెరుగుపరచిన కార్బన్ ముద్రలో చిత్రము మసితోనే ఏర్పడెను. దానిని ఛాయాచిత్రము కాదని ఎవరును అనలేదు. కావున లోహమును బట్టి సత్యమును నిర్ణయింపజాలము. అనువాదమును మనము ఏ ప్రశ్న అడుగుదుమో దీనినిగూడ ఆ ప్రశ్నయే అడుగవలెను: మూలములో ఉన్నది ఇందులోనికి వచ్చినదా? మూలములో లేనిది ఇందులో చేరినదా?

ఆక్షేపకుల మాటలో ఒక యథార్థము మాత్రము మిగిలియున్నది. చీకటిగదిలో అబద్ధమునకు ఖర్చు ఎక్కువ. అబద్ధము లేకపోలేదు, నెగటివును పెన్సిలుతో దిద్దుటయు, కత్తితో గీకుటయు ఆ విద్యతోపాటే పుట్టినవి. కాని దానికి చేయి తిరిగిన పనివాడు, గంటల కాలము కావలసియుండెను. నేడు ముడుతలు తీయుటకును, కన్నులు పెద్దవి చేయుటకును ఒక్క మీట చాలును. అడుగకుండగనే చేసిపెట్టు సాధనములును వచ్చినవి. చెడిపోయిన చెంప స్థానమున యంత్రము తాను నేర్చిన వేలాది చెంపల నుండి ఒక చెంపను కల్పించి అతుకును. అది అందముగనే ఉండును. కాని అది తాతగారి చెంప కాదు. పూర్వము పదార్థపు మొండితనము మనలను కొంతవరకు నిజాయితీపరులుగ ఉంచెను. ఇప్పుడు ఆ కాపలా లేదు. ఆ భారము సంపూర్ణముగ మనిషి మీద పడినది.

మూలమునకు విధేయత అనినాము; మూలము ఏది? ఇది కనబడినంత సులభమైన ప్రశ్న కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ సంగతి చూడుడు. సికిందరాబాదు స్టూడియో వంశము చేతులలో నిలిచిన ఆయన గాజుపలకల నెగటివులలో 2857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. ఆ పలకల నుండి ఆయన కాలమున తీసిన ఆల్బ్యుమెన్ ముద్రలు నేటి అర్థమున నలుపు తెలుపులు కావు. గోధుమ, ఊదా ఛాయలు కలిసిన వెచ్చని వన్నె వానిది. నేడు అదే పలక నుండి శుద్ధమైన బూడిదతో సిరా ముద్ర తీసినచో, అది పలకకు విధేయమే గాని ఆయన ముద్రకు విధేయము కాదు. మరి పలకయైనను నిర్దోషియా? ఆ కాలపు తొలి పలకలు నీలి వెలుగును ఎక్కువగను, ఎరుపును మిక్కిలి తక్కువగను గ్రహించెడివి. అందువలన గోధుమవన్నె దేహములు కంటికి కనబడినదానికంటె నల్లగా పడినవి. అన్ని రంగులను గ్రహించు పలకలు 1906 నుండియే విపణికి వచ్చినవి; వాడుకలో పాతుకొనుటకు ఇంకను కాలము పట్టినది.

అనగా పలకకు విధేయత, ముద్రకు విధేయత, మనిషికి విధేయత అని మూడు కలవు. అవి ఎల్లప్పుడును ఏకీభవింపవు. కొందరు దీనినిబట్టి, ఏదియు నిజము కాదు గనుక ఏమి చేసినను దోషము లేదని తేల్చుదురు. ఇది తొందరపాటు. కొలబద్దలు మూడున్నవనగా కొలబద్దయే లేదని కాదు. మూడింటికిని సమ్మతమైన రెండు నియమములు కలవు: ఉన్నదానిని పోగొట్టరాదు, లేనిదానిని ఉన్నదనరాదు. సిరా ముద్ర నాణ్యమును గూర్చిన చర్చయంతయు, సాంకేతిక పదములను తొలగించి చూచినచో, ఈ రెండు వాక్యములకు వ్యాఖ్యానమే.

మొదటి నియమమును పరిశీలింతము. ముద్రాపకులు నలుపు లోతును ఒక సంఖ్యతో కొలుతురు. 2 అనిన, కాగితము మీద పడిన వెలుగులో నూరవ వంతు మాత్రమే తిరిగివచ్చునని అర్థము. ప్లాటినమ్ ముద్రకు ఆ సంఖ్య సుమారు 1.4, అనగా దాని నలుపునుండి ఇరువదియైదవ వంతు వెలుగు తిరిగివచ్చును. మెరయు వెండి ముద్రకు సుమారు 2.1. మెరయు కాగితము మీద నేటి మంచి సిరా ముద్ర దానినిగూడ మించగలదు. నలుపు లోతే నాణ్యమైనచో ప్లాటినమ్ ముద్ర అన్నింటికంటె హీనము కావలెను. కాని దానిని ఎరిగినవారెవరును అట్లనరు. దాని గొప్పతనము చీకటి లోతులో లేదు. చీకటిలోని మెట్లలో ఉన్నది. ముదురు భాగములలోగూడ ఒక మెట్టునకు ఇంకొక మెట్టునకు భేదము తెలియును. దుకాణములో రెండు ముద్రలను పక్కపక్కన పెట్టినపుడు కన్ను మొదట గాఢమైన నలుపునకు లోబడును. ఆ మోహమే ఇచట ప్రమాదము. నలుపును గాఢము చేయు తొందరలో నలుపునకు చేరువనున్న వన్నెలన్నియు అందు మునిగి ఒక్కటియైపోవును.

అట్లు మునిగిపోవునది ఏది? ఎండలో, ఉప్పుగాలిలో బ్రతికిన మనిషి ముఖము. తెల్లని దేహము గలవాని ముఖరేఖలు లేత వన్నెలలో ఉండును. నల్లని దేహము గలవాని ముఖరేఖలు ముదురు వన్నెలలో ఉండును. ముదురు వన్నెలను త్రొక్కివేయు ముద్ర మొదటివానికి హాని చేయదు. రెండవవానిని నీడగా మార్చివేయును. కంటి కింది గీత, దవడ ఎముక, పెదవి మూల నిలిచిన చిరునవ్వు, వీనినన్నిటిని ఒకే మసి మింగును. గోల్ ఘర్ ఇంటి తాతగారు నడిసంద్రమున వలలు లాగినవాడైనచో అతని ముఖమంతయు ఆ కింది మెట్లలోనే ఉన్నది. పోర్ట్‌మన్ కాలపు అండమానీయుల ముఖములును అచటనే ఉన్నవి. ఆ చిత్రములను తరువాతివారు పుస్తకములలో, గోడప్రతులలో దళసరి నలుపుతో పునర్ముద్రించునపుడు, ప్లాటినమ్ ముద్రలో వ్యక్తియైయున్నవాడు కేవలము ఆకారముగా మారును. చిత్రము తీయునాడు జరిగిన అన్యాయమును మనము సరిదిద్దజాలము. కాని ఆ నాటి పనివాడు కాగితము మీద నిలిపిన ముఖమును నేటి అశ్రద్ధచేత చెరిపివేయుట మనము కొత్తగా చేయు అన్యాయము. యంత్రమునకు ఆ మెట్లను చూపు శక్తి ఉన్నపుడు చూపకపోవుట యంత్రదోషము కాదు.

రెండవ నియమము ఇంకను కఠినమైనది, ఏలయన దానిని మీరుమని కోరువాడు ప్రేమతో కోరుచున్నాడు. ‘కొంచెం తెల్లగా చేయండి’ అను కోరిక మన స్టూడియోలలో కొత్తది కాదు. మనుమడు తాతను అవమానించుటకై ఈ కోరిక కోరుటలేదు. ఆయనను నలుగురిలో గొప్పగా నిలుపుటకే కోరుచున్నాడు. ఆ ప్రేమను పరిహసించుట తగదు. గోడమీది చిత్రము న్యాయస్థానములోని సాక్ష్యము కాదు గదా, అది పూజాపీఠము. దేవునికి అలంకారము చేయుదుము, తాతకు ఏల చేయరాదు అని అతడు అడుగవచ్చును. దీనికి సమాధానము చెప్పకుండ ముందునకు సాగరాదు.

మన దేశమున ఛాయాచిత్రములకు చేతితో రంగులద్దు సంప్రదాయము పందొమ్మిదవ శతాబ్దమునుండి ఉన్నది. రాజులకు, జమీందారులకు, పిమ్మట మధ్యతరగతివారికిని పనివారు జరీ అంచులు, హారములు, వెనుక తెరలు కుంచెతో దిద్దిరి. దానిని మోసమని ఎవరనగలరు? ఆ రంగు రంగువలెనే కనబడును. కుంచె తాను ఉన్నానని దాచదు. చూచువాడు ఇది ముఖము, ఇది అలంకారము అని విడదీసికొనగలడు. దండయు అట్టిదే, దండను చిత్రములోని భాగమని ఎవరును భ్రమపడరు. కాని చుక్కచుక్కగా వన్నెను మార్చి తాతను తెల్లవానిగా చేసిన ముద్ర తన కుంచెను దాచుకొనును. రెండు తరములు గడచిన పిమ్మట మునిమనుమరాలు ఆ ముఖమును చూచి, తన చేతి రంగును చూచుకొని, తాను ఆ వంశమున ఎచటినుండి వచ్చితినా అని సందేహించును. అలంకారము మనిషిమీద ఉంచునది. మార్పు మనిషిని తీసివేసి వేరొకనిని నిలుపునది. అలంకారమును ఎప్పుడైనను తీయవచ్చును. దాచిన మార్పును తీయుటకు, ఎచట జరిగినదో ఎవరికిని తెలియదు. తాతను తెల్లగా చేయుటలో ఇంకొక మాటయు దాగియున్నది: ఆయన ఉన్నట్లుండుట చాలదని మనము ఒప్పుకొనుచున్నాము. గౌరవింపబోయి మనము చేయుచున్నది ఇదియే.

ఇక కలకాలము నిలుపుట. సిరాలలో రెండు జాతులు కలవు. నీటిలో పంచదారవలె కరగియుండు రంగులు ఒకటి. నీటిలో రేణువులుగ తేలుచుండు వర్ణకములు రెండవది. కరగు రంగుల ముద్ర కొత్తలో కన్నులపండువుగ ఉండును. కాని వెలుగునకును, గాలిలోని ఓజోనునకును అది త్వరగా వెలయును, తేమకు అంచులు పాకును, నీరు పడిన కరగిపోవును. 1991లో కాలిఫోర్నియాలో సంగీతకారుడు గ్రాహమ్ నాష్ ప్రారంభించిన ముద్రణశాల సిరా ముద్రకు కళాలోకమున గౌరవము సంపాదించినది. అయినను తొలినాటి ఐరిస్ యంత్రముల కరగు రంగులు వెలుగునకు నిలువలేదు. కర్బనము ప్రధానముగా గల వర్ణక సిరాలతో, మంచి నూలు కాగితము మీద, అద్దము వెనుక ఉంచిన నలుపు తెలుపు ముద్ర నూరేండ్లకు పైగా నిలుచునని పరీక్షలు అంచనా వేయుచున్నవి. అవి తీవ్రమైన దీపముల కింద సంవత్సరములను నెలలుగ కుదించి చేసిన పరీక్షలు. అంచనా అను మాటను మరువరాదు. నూరేండ్లు గడచిన ఇంక్‌జెట్ ముద్రను చూచిన మనిషి ఇంకను లేడు.

గోల్ ఘర్ వంటి తేమగాలి చోట ఈ భేదము మిక్కిలి పెద్దది. అయినను అచ్చయిన దినమున రెండు ముద్రలును ఒకే రీతిగ కనబడును. కొనువాని కంటికి తేడా లేదు. చౌక సిరాతో వేసి, ఇది శాశ్వతమని చెప్పి అమ్మువాడు వస్తువును గూర్చి మాత్రమే కాదు, కాలమును గూర్చి అబద్ధమాడుచున్నాడు. అది బయటపడునప్పటికి అతడు అచట ఉండకపోవచ్చును, మూలచిత్రమును బూజు తినివేసియుండవచ్చును. బీదవాడు చౌక ముద్రను కోరుట తప్పు కాదు. ఇది పదేండ్ల వస్తువు, అది మీ మనుమల కాలపు వస్తువు అని అతనికి చెప్పి, ఎంచుకొనుటను అతనికి విడిచినచో అందులో దోషము లేదు. చెప్పకపోవుటయే దోషము.

ఇట్లు చూచినచో ముద్రాపకుని ధర్మము దుస్సాధ్యమైనదేమియు కాదు. మూలచిత్రమును ముందుగా ఏ మార్పును లేకుండ స్కాను చేసి ఆ ప్రతిని ఇంటివారికి ఈయవలెను. మచ్చను తీయవచ్చును, ఏలయన మచ్చ బూజుది, తాతది కాదు. ముడుతను తీయరాదు, అది తాతది. చెంపలో కొంత భాగము పూర్తిగా పోయినచో, కల్పించి అతుకుటకంటె దానిని లేత బూడిదగా విడిచిపెట్టుట మేలు. ఇంటివారు అతుకుమని కోరినచో అతుకు వేసి, ఆ సంగతిని వెనుక వ్రాయవలెను. ముద్ర వెనుక పెన్సిలుతో నాలుగు మాటలు చాలును: ఎవరి చిత్రము, ఏ సంవత్సరమున తిరిగి అచ్చువేసిరి, ఏ సిరాతో వేసిరి, ఏమి మార్చిరి. పాత తాళపత్రముల చివర లేఖకుడు తన పేరును, వ్రాసిన దినమును తెలిపి, తప్పులున్న మన్నింపుమని పాఠకుని వేడుకొనుట మన దేశమున ఆచారము. తాను నడుమ నిలిచిన మనిషినని అతడు దాచుకొనలేదు. యంత్రము వచ్చినంత మాత్రమున ఆ వినయము ఎందుకు పోవలెను?

దీనియందు ఇంటివారికిని ధర్మము కలదు. నాణ్యమును డిమాండు చేయువాడే నాణ్యమును పోషించును. మెరుపునకు డబ్బిచ్చి మెట్లను నిర్లక్ష్యము చేయు గిరాకి ఉన్నంతకాలము ఏ స్టూడియోయైనను మెరుపునే అమ్మును. ముద్రను చేతికి తీసికొన్నపుడు ఎంత నల్లగా ఉన్నదని కాక, నల్లని జుట్టులో పాయలు తెలియుచున్నవా, చెవి వెనుక నీడలో మెడ కనబడుచున్నదా, తెల్లని పంచెలో మడతలు మిగిలినవా అని చూడవలెను. కిటికీ దగ్గర ఒకమారు, దీపము కింద ఒకమారు చూడవలెను. ఇది కళాకారులకు మాత్రమే తగిన చూపు కాదు. తాతగారి పక్కన కూర్చుండి ఆయన ముఖమును ఎరిగిన ఏ ముసలమ్మకైనను ఈ చూపు ఉన్నది. ఆమె చిత్రమును చూచి ‘ఇది ఆయనే’ అనినచో ముద్ర మంచిది. ‘బాగుంది’ అని మాత్రము అనినచో ఇంకొకమారు ప్రయత్నింపవలెను.

ఉన్నవారికి చేయు న్యాయమును వారు అడిగి తీసికొనగలరు. పోయినవారికి చేయు న్యాయమునకు అడుగువారు లేరు. అందుచేతనే అది మన నిజాయితీకి నిక్కమైన పరీక్ష. ఛాయాచిత్రములోని మనిషి తన ముఖము ఇంత నల్లనిదని గాని, ఇంత ముడుతపడినదని గాని వాదింపలేడు. అతని పక్షమున మాటలాడునది ఆ మిగిలిన కొన్ని బూడిద మెట్లు మాత్రమే. వానిని ఎక్కువ చేయక, తక్కువ చేయక తరువాతి కాగితము మీదికి దాటించుట చిన్న పని. దానికి కీర్తి రాదు, ధర కూడ ఎక్కువ రాదు. కాని ఒక తరము ఇంకొక తరమునకు అప్పగింతలు పెట్టునది ఇట్టి చిన్న పనుల చేతనే.